పిల్లి బొచ్చుకు స్టీలు బేసిను

ఆత్మకూరులో మా ఇంట్లో మనుషులం ముగ్గురం, పిల్లి ఒకటి. నేను అనుమసముద్రంపేట బడిలో సైన్సు చెబుతాను. మా ఆయనకు బస్టాండు దగ్గర మోటార్లు రీవైండింగ్ చేసే షాపుంది. రోజంతా గ్రీజులో పని చేస్తూ కూడా తెల్లచొక్కా తప్ప తొడగడు, దాని మీద మరక పడనివ్వడు. మూడో మనిషి మా అత్త. ఉదయగిరి కొండ కింద పల్లెలో నలభై ఏళ్ళు గొర్రెలు మేపిన మనిషి. మామ పోయాక, మోకాళ్ళు మొరాయించాక, మందను అమ్మేసి, ఇంట్లో గిన్నెలూ చెంబులూ మొత్తం చెల్లెలికి ఇచ్చేసి, ఒక ట్రంకు పెట్టెతో మా దగ్గరికి వచ్చేసింది. ఆ పెట్టెలో నాలుగు చీరలు, మామ ఫోటో, గొర్రెలకు మందు పోసే వెదురు గొట్టం ఉన్నాయి.

"గొట్టం ఎందుకత్తా ఇక్కడ?" అని అడిగాను.

"ఉండనీ మే. అదేమన్నా అన్నం అడగతాందా?"

పిల్లిని మాత్రం నాకు మా బడి టీచరొకామె బదిలీ మీద వెళ్ళిపోతూ అంటగట్టింది. తెల్లటి పొడుగు బొచ్చు, గుబురు తోక, ప్రపంచమంతా తనకు సేవ చేయాలన్న చూపు. దానికి నేనొక పేరు పెట్టాను, మా ఆయనొక పేరు పెట్టాడు. రెండింటికీ అది చెవి కూడా కదిపేది కాదు. అత్త "ఒరే దొంగసచ్చినోడా" అంటే మాత్రం ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చేది.

ఒకరోజు పొద్దున నేను క్యారియర్లు కడుతుంటే హాల్లోంచి "ఖక్, ఖక్" అని వినిపించింది. తొంగి చూస్తే పిల్లి పొట్ట నేలకు ఆనించి, మెడ ముందుకు చాచి, వెనక్కి వెనక్కి నడుస్తోంది. నేను గరిటె పట్టుకుని నోరు తెరుచుకుని చూస్తూ నిలబడ్డాను. చివరికి అది ఏదో కక్కేసి, తనకేమీ సంబంధం లేనట్టు పోయి కిటికీలో కూర్చుంది. సరిగ్గా అప్పుడే మా ఆయన స్నానం చేసి, తెల్లచొక్కా తొడుక్కుని, దేవుడికి దండం పెట్టుకోవడానికి కళ్ళు సగం మూసుకుని నడిచొచ్చి కుడికాలు దాని మీద వేశాడు.

"ఏందే ఇది? ఎలకా?"

ఎలుక కాదు. వేలెడంత పొడుగున, తడితడిగా, బూడిదరంగులో ఉన్న బొచ్చు చుట్ట. ఆయన ఒంటికాలి మీద గెంతుకుంటూ బాత్‌రూములోకి పోయి రెండోసారి స్నానం చేశాడు. నేను ఇరవై ఏళ్ళుగా బోర్డు మీద జీర్ణవ్యవస్థ బొమ్మ గీస్తున్నదాన్ని. అన్నవాహిక, జీర్ణాశయం, చిన్నపేగు, పెద్దపేగు, అన్నీ కళ్ళు మూసుకుని చెప్పగలను. నా ఇంట్లో పిల్లి కడుపులోంచి బొచ్చు ఎందుకొచ్చిందో మాత్రం నాకు తెలియదు. తెలియదని ఒప్పుకునే అలవాటు కూడా నాకు లేదు కాబట్టి, "వేడి చేసి ఉంటుంది" అన్నాను.

అత్త అలా తేల్చి చెప్పే రకం కాదు. ముందు రోగిని చూడాలి. పిల్లిని ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టుకుని పెదవి పైకెత్తి పళ్ళు చూసింది. గొర్రెకు ముందరి పళ్ళను బట్టి వయసు చెబుతారు, రెండు పళ్ళదా, నాలుగు పళ్ళదా, నిండు నోరా అని.

"నిండు నోరు. ముసిలిది అంటగట్టినారు నీకు," అంది.

"పిల్లికి ఏడాదికే అన్ని పళ్ళూ వచ్చేస్తాయత్తా."

"నువ్వు పుస్తకంలో చూసినావు. నేను నోట్లో చూసినాను."

తర్వాత కింది రెప్ప లాగి చూసింది. గొర్రె కడుపులో నట్టలు, అంటే పురుగులు పడితే రెప్ప లోపల తెల్లగా పాలిపోతుందట. "ఎర్రగానే ఉండాది. నట్టలు కాదు. కడుపు పట్టుకోనుండాది. ఆముదం పొయ్యాల," అని తీర్పు చెప్పి ట్రంకు పెట్టె తెరిచింది. గొట్టం ఎందుకు తెచ్చుకుందో ఆ రోజు అర్థమైంది.

ఆ తర్వాత జరిగింది చెప్పడానికి రెండు నిమిషాలు పడుతుంది గానీ జరగడానికి పది సెకన్లు కూడా పట్టలేదు. అత్త పిల్లిని మోకాళ్ళ మధ్య ఇరికించుకుంది. నన్ను వెనక కాళ్ళు పట్టుకోమంది. గొర్రె అయితే అలా పట్టుకుంటే చచ్చినట్టు నోరు తెరుస్తుందట. పిల్లి నాలుగు కాళ్ళతోనూ లేచింది. గొట్టం ఎగిరి, ఆముదం గోడ మీద ఒక ధార, నా పైట మీద ఒక ధార, ఇస్త్రీ చేయించి హ్యాంగరుకు తగిలించిన తెల్లచొక్కాల మీద మిగతాదంతా పడింది. పిల్లి బీరువా పైకెక్కి సాయంత్రం దాకా దిగలేదు.

నెల తిరిగేసరికి మరో రెండు ఉండలు పడ్డాయి. ఒకటి మా ఆయన చెప్పులో, ఒకటి ఆయన కుర్చీలో. ఆ ఇంట్లో నాకూ చెప్పులున్నాయి, నాకూ కుర్చీ ఉంది. పిల్లి వాటి జోలికి రాలేదు. ఆయన నన్నూ అత్తనూ ముందు కూర్చోబెట్టుకుని గంభీరంగా చెప్పాడు.

"జలదంకిలో మా చిన్నాయన కొడుకు రైస్‌మిల్లులో ఎలకలు ఎక్కువైపోయినాయంట. ఇంకొక్క ఉండ నా కాలికింద పడిందంటే దీన్ని ఆడ దింపేసొస్తా."

ఈ పిల్లి జన్మలో ఎలుకను చూసి ఉండదు. చూస్తే అదే మిల్లు వదిలి పారిపోతుంది. పైకి "సరే, తీసుకుపో, పీడా పోతుంది" అన్నాను గానీ నాకు మనసొప్పలేదు. బడి నుంచి వచ్చి చెప్పులు విప్పగానే కాళ్ళకు చుట్టుకునే ప్రాణి ఆ ఇంట్లో అదొక్కటే. మర్నాడు నేను సెలవు పెట్టాననగానే అత్త నాకంటే ముందు చీర మార్చుకుని, పిల్లిని కూరగాయల బుట్టలో పెట్టి మీద తుండుగుడ్డ కట్టి వాకిట్లో నిలబడింది.

పశువుల ఆసుపత్రిలో మా ముందు రెండు గేదెలు, ఒక పొట్టేలు ఉన్నాయి. అత్త పొట్టేలు యజమానికి దాని కాలి గురించి సలహా చెప్పి, అతన్ని లైన్లోంచి ఇంటికి పంపించేసింది. కుర్ర డాక్టరు పిల్లి పొట్ట వేళ్ళతో తడిమి చూసి నవ్వాడు.

"ఏం లేదు మేడం. ఒళ్ళు నాక్కుంటది గదా. నాలిక మీద సన్న ముళ్ళుంటాయి, ఊడిన బొచ్చంతా వాటికి తగులుకోని లోపలికి పోతది. కొంత కిందికి పోతది. మిగిలింది ఉండ కట్టి పైకొస్తది. మీది పొడుగు బొచ్చు పిల్లి, అందులో ఎండాకాలం. ఇంకా ఎక్కువ ఊడతది."

"మా గొర్రిపిల్లలు గూడా తల్లి బొచ్చు తినేస్తాయి సార్," అంది అత్త. "కడుపులో ఇంతింత ఉండలు. మేమైతే ఉప్పుగడ్డ కడతాము, నాక్కుంటాయి, ఇంక బొచ్చు ముట్టుకోవు. దీనికీ ఒకటి కట్టేదా?"

"దీనికి ఉప్పుగడ్డ కాదవ్వా, దువ్వెన. దినామూ దువ్వితే ఊడే బొచ్చు నీ చేతికొస్తది, దాని కడుపులోకి పోదు."

ఆముదం సంగతి నేనే చెప్పాను. డాక్టరు మొహంలో నవ్వు పోయింది. గొట్టంతో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి చచ్చిపోవచ్చన్నాడు. తిండిలో ఒక చెంచా ఉడికించిన గుమ్మడికాయ కలపమన్నాడు, ఏదో పేస్టు రాసిచ్చాడు, నీళ్ళు బాగా తాగాలన్నాడు. మీసాలు అంచులకు తగిలితే పిల్లులు సరిగా తాగవు, వెడల్పాటి గిన్నె పెట్టమన్నాడు. "రెండు పూటలు తిండి ముట్టకపోయినా, ఉండ రాకుండా ఊరికే ఖక్ ఖక్ అంటున్నా ఆలస్యం చెయ్యొద్దు. లోపల అడ్డం పడిందేమో చూడాల," అన్నాడు. నేను నోట్‌బుక్కులో రాసుకున్నాను. అత్త కళ్ళు చిట్లించుకుని విన్నది.

దువ్వే బాధ్యత నేను తీసుకున్నాను. మూడు రోజులు దువ్వాను. మొదటిరోజు పిల్లి ఓర్చుకుంది, రెండోరోజు కరిచింది, మూడోరోజు దువ్వెన చూడగానే మంచం కిందికి పోయింది. నాలుగోరోజు నుంచి పరీక్ష పేపర్లు దిద్దాలన్న వంక దొరికింది.

అదే వారం ఇంకొకటి జరిగింది. బడి నుంచి వచ్చేసరికి అత్త నా పులుసు గిన్నెలో నీళ్ళు పోసి పిల్లి ముందు పెట్టింది. నాకు ముక్కు మీద కోపం. "మనం తినే గిన్నెలు పిల్లికి పెడతావా అత్తా? వంటింట్లో గిన్నె ఒక్కటి కూడా దీని మూతికి తగలకూడదు, చెబుతున్నా!" అని అరిచాను. అత్త గిన్నె తోమి బోర్లించింది. పిల్లికి ఐస్‌క్రీమ్ డబ్బా మిగిలింది. నేను ఆ మాట సాయంత్రానికల్లా మరిచిపోయాను.

మా వీధిలోకి అప్పుడప్పుడూ మోపెడ్ మీద ఒకతను వస్తాడు. "చిక్కు వెంట్రుకలకు స్టీలు సామాన్లమ్మా, ప్లాస్టిక్ సామాన్లూ" అని మైకులో పాట. ఆడవాళ్ళు దువ్వుకున్నప్పుడు ఊడినవి చుట్టచుట్టి దాచుకుంటారు కదా, అవి తూకం వేసుకుని గిన్నెలిస్తాడు. అత్త పాత బిస్కెట్ డబ్బాలో ఏడాదిగా దాచిన చుట్టలన్నీ తీసుకుపోయి, బండికి వేలాడుతున్న వెడల్పాటి స్టీలు బేసిను చూపించింది. అతను డబ్బాలోకి చూసి పకపకా నవ్వాడు.

"అవ్వా, వీటికి స్పూను గూడా రాదు. నీ తల మొత్తం గొరిగించుకున్నా ఆ బేసిను రాదు."

వీధిలో అందరూ నవ్వారు. అత్త మూత పెట్టుకుని లోపలికొచ్చేసింది.

మర్నాటి నుంచి మా ఇంట్లో వింత మొదలైంది. మధ్యాహ్నం పూట అత్త వరండాలో కాళ్ళు చాపుకుని పిల్లిని తొడల మీద వేసుకుని దువ్వేది. గొర్రెలను తోలేటప్పుడు చేసే శబ్దమేదో నోటితో చేస్తూ, మెడ దగ్గర మొదలుపెట్టి తోక దాకా, తర్వాత పొట్ట కింద, తొడల్లో. నన్ను కరిచిన పిల్లి ఆమె దగ్గర నాలుగు కాళ్ళూ వదిలేసి పడుకునేది. ఉండలు ఆగిపోయాయి. మా ఆయన చెప్పులు దులపకుండా తొడుక్కునే స్థాయికి వచ్చాడు. డాక్టరు మాట అత్త ఎంత బుద్ధిగా పాటిస్తోందో అని నేను స్టాఫ్‌రూములో గొప్పగా చెప్పుకున్నాను.

మళ్ళీ మోపెడ్ వచ్చినప్పుడు ఆదివారం కావడంతో నేను ఇంట్లోనే ఉన్నాను. అత్త బిస్కెట్ డబ్బాతో బయల్దేరింది. ఈసారి మూత పట్టడం లేదు. అతను ఒక పిడికెడు తీసి వేళ్ళ మధ్య నలిపాడు.

"ఇంత మెత్తగా ఉండాదేందవ్వా?"

"కుంకుడుకాయ రుద్దతాను."

"తెల్లగా ఉండాదే."

"నా తలకాయేమన్నా నల్లగా ఉండాదా?"

"మరీ ఇంత పొట్టిగానా?"

"ముసిలోళ్ళకి ఇంకెంత పెరగతాది? తూకం ఎయ్యి రా, మాటలెందుకు?"

అతను తక్కెడ అందుకుంటూ తుమ్మాడు. మళ్ళీ తుమ్మాడు. ఏడోసారి తుమ్మి కళ్ళు తుడుచుకుంటుండగా, పిల్లి మెట్లు దిగి వచ్చి, తన సొంత వాసన తగిలినందుకు కాబోలు, డబ్బాలో మూతి పెట్టి అక్కడే కూర్చుంది. డబ్బాలో ఏముందో, డబ్బా పక్కన ఏముందో వీధి మొత్తానికి కనిపించింది. ఎదురింటామె నవ్వలేక గేటు పట్టుకుని కింద కూర్చుండిపోయింది. నేనూ నవ్వాను. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే.

అతను మంచివాడే. "పోనీలే అవ్వా, కష్టపడినావు" అని ఒక పేలదువ్వెన ఊరికే ఇచ్చాడు. అత్త దాన్ని నా కాళ్ళ ముందు పడేసింది.

"నీ పిల్లి, నీ దువ్వెన. ఇంక నన్నడగొద్దు."

మర్నాడే ఉదయగిరిలో చెల్లెలింటికి బస్సెక్కింది. నేను పెద్దగా పట్టించుకోలేదు. వారంలో వస్తుందిలే అనుకున్నాను, దువ్వుతానులే అనుకున్నాను. ఆ రెండూ అనుకోవడంలోనే ఉండిపోయాయి. పదిహేను రోజులు గడిచాయి. పేలదువ్వెన ఫ్రిజ్ మీద దుమ్ము పట్టింది. సోఫా మీద, పప్పులో, మా ఆయన కాలరు మీద బొచ్చు. ఒక ఉదయం ఆయన మళ్ళీ ఒంటికాలి మీద బాత్‌రూములోకి గెంతాడు. బయటికొచ్చి, "ఆదివారం. జలదంకి," అన్నాడు.

ఆదివారం దాకా పోవాల్సిన పని లేకపోయింది. గురువారం పిల్లి తిండి ముట్టలేదు. శుక్రవారం పొద్దున మెడ చాచి ఖక్ ఖక్ అంది, ఏమీ రాలేదు. మళ్ళీ అంది, నురగ వచ్చింది. నేను నోట్‌బుక్కు తెరిచి చూసుకున్నాను. నా చేత్తో రాసుకున్న వాక్యమే, కింద గీత కూడా గీసుకున్నాను. అత్తకు ఫోన్ చేశాను.

"మేత ముట్టి ఎన్ని పూటలైంది?" అంది, పలకరింపు లేకుండా.

"రేపటికి... కాదు, నిన్న పొద్దుటి నుంచి."

"పెంటికలేసిందా?"

"లేదత్తా."

"దువ్వినావా?"

నేను ఫ్రిజ్ మీది పేలదువ్వెన వైపు చూశాను. అత్త ఫోన్ పెట్టేసింది.

అప్పుడే బయల్దేరిన బస్సు పట్టుకుంది కాబోలు, ఆసుపత్రి తెరిచే వేళ దాకా ఆగి నేను బుట్ట పట్టుకుని మెట్లెక్కేసరికి ఆమె బస్టాండు నుంచి కుంటుకుంటూ వస్తోంది. మా ఆయన కూడా షాపు వదిలేసి వచ్చాడు. డాక్టరు చర్మం కింద సెలైన్ ఎక్కించాడు, ఇంజెక్షన్ చేశాడు, పేస్టు నాకించాడు. సాయంత్రానికి పైకో కిందికో రాకపోతే నెల్లూరు తీసుకుపోవాలి, కడుపు కోయాల్సి రావచ్చు అన్నాడు.

ఇంటికొచ్చి ముగ్గురం పిల్లి చుట్టూ కూర్చున్నాం. అత్త దాని పొట్ట మెల్లగా నిమురుతూ గొర్రెల శబ్దం చేస్తోంది. నా తప్పు వల్లే అది చచ్చిపోతోందని నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. నాలుగు గంటలప్పుడు అది లేచి, మెడ చాచి, వెనక్కి నడవడం మొదలుపెట్టింది. కింద పరవడానికి కాగితం కోసం నేను పరుగెత్తేలోపు మా ఆయన తెల్లచొక్కా విప్పి దాని మూతి కింద పట్టాడు.

"వచ్చింది! మే, వచ్చింది! ఇంత పొడుగుండాది, ఇట్రాండి, చూడండి!"

కాన్పుగది బయట నిలబడ్డ తండ్రి కూడా అంత గట్టిగా అరవడు. ఆ చొక్కాను అట్లాగే ఎదురింటామెకు చూపించడానికి బయల్దేరితే నేనే ఆపాను. జలదంకి మాట మళ్ళీ ఎత్తలేదు.

పిల్లి తూలుకుంటూ పోయి ఐస్‌క్రీమ్ డబ్బాలో మూతి పెట్టింది. మీసాలు తగిలి వెనక్కి తీసుకుంది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ తీసుకుంది. అత్త దోసిట్లో నీళ్ళు పోసుకుని పట్టింది. అప్పుడు తాగింది.

"ఎడల్పాటి గిన్నె పెట్టమని డాక్టరు చెప్పల్యా," అంది అత్త, ఎవరినీ చూడకుండా.

"వంటింట్లో అన్ని గిన్నెలుండగా చేత్తో ఎందుకత్తా?"

"అయ్యన్నీ నీయి గదమ్మా. అందుకే ఆ బేసిను అడిగినాను వాణ్ణి. నాదని ఒక గిన్నె ఉంటే దేనికి పెట్టుకున్నా ఎవురూ ఏమీ అనరని."

నాకు తల కొట్టేసినట్టయింది. ఇల్లంతా గిన్నెలు చెల్లెలికిచ్చి వచ్చిన మనిషి, నా ఇంట్లో పులుసు గిన్నె ఒకటి వాడుకున్నందుకు నాచేత మాటపడి, తన తల వెంట్రుకలు చాలక పిల్లి బొచ్చు పోగు చేసుకుంది. వీధిలో అందరూ నవ్వుతుంటే నేనూ నవ్వాను. క్షమించు అత్తా అనడం నాకు చేతకాలేదు. సిగ్గుతో లోపలికి పోయి, అటకెక్కి, నా పెళ్ళికి మా అమ్మ పెట్టిన పెద్ద స్టీలు బేసిను దించాను. దాని అంచున నా పేరు చెక్కించి ఉంది.

మర్నాడు దాన్ని బజారులో పాత్రల షాపుకు తీసుకుపోయాను. చెక్కే మిషన్ పట్టుకుని అతను, "ఎవరి పేరు మేడం?" అన్నాడు. నా పేరు మీద అడ్డగీత పెట్టించి, దాని కింద అత్త పేరు పెద్ద అక్షరాలతో చెక్కించాను.

అత్తకు చదవడం రాదు. బేసిను ఒళ్ళో పెట్టుకుని ఆ చుక్కల మీద వేలు పెట్టి చివరి దాకా నడిపింది. "ఇది నా పేరేనా?" అంది. అవునన్నాను. మళ్ళీ మొదటి నుంచి నడిపింది. కొంగుతో లోపలా బయటా తుడిచి, తీసుకుపోయి ట్రంకు పెట్టెలో, మామ ఫోటో పక్కన పెట్టి తాళం వేసింది.

"అదేందత్తా? పిల్లికి నీళ్ళు పెట్టడానికి కదా!"

"బాగుండాదే! పేరుండే గిన్నెలో పిల్లికెవురైనా నీళ్ళు పోస్తారా?" అని, పేలదువ్వెన కొప్పులో దోపుకుని వంటింట్లోకి నడిచి, నా పులుసు గిన్నె తీసుకుంది.